జీర్ణాశయ క్యాన్సర్ – కణ సంకేత మార్గాలు

ప్రపంచంలో ఎక్కువగా వచ్చే క్యాన్సర్లలో జీర్ణాశయ క్యాన్సర్‌ది అయిదో స్థానం. మరణాల లెక్కలోనూ అయిదోదే. 2022లో సుమారు 9,68,000 మందికి ఈ జబ్బు కొత్తగా బయటపడిందనీ, దాదాపు 6,60,000 మంది దీనితో చనిపోయారనీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. ఈ రెండు అంకెలు ఇంత దగ్గరగా ఉండటానికి ముఖ్య కారణం జబ్బు ఆలస్యంగా దొరకడం. అజీర్తి, కడుపుబ్బరం, ఆకలి మందగించడం లాంటి రోజువారీ బాధల చాటున అది ఏళ్ళ తరబడి పెరుగుతుంది. మొదటి దశలో పట్టుకుంటే అయిదేళ్ళకు మించి బతికేవారు జపాన్‌లో నూటికి తొంభైకి పైగా ఉన్నారు. పాకిన తర్వాత దొరికితే ఆయుష్షును నెలల్లో లెక్కపెట్టాల్సి వస్తుంది.

జీర్ణాశయపు లోపలి పొర శరీరంలో అతి వేగంగా మారిపోయే కణజాలాల్లో ఒకటి. ఆమ్లానికీ ఆహారానికీ ఎదురు నిలిచే పైకణాలు కొద్ది రోజులకే రాలిపోతాయి. పొరలో గుంటల్లాగా ఉండే గ్రంథుల్లోని మూలకణాలు విభజన చెంది, రాలినవాటి చోటు భర్తీ చేస్తాయి. ఎప్పుడు విభజించాలి, ఎప్పుడు ఆగాలి, పక్క కణాన్ని ఎంత గట్టిగా పట్టుకోవాలి, గాయమైన చోటికి ఎలా జరగాలి అన్న ఆదేశాలన్నీ రసాయన సంకేతాల రూపంలో వస్తాయి. జీర్ణాశయ క్యాన్సర్ కొత్త సంకేతాన్నేమీ కనిపెట్టదు. పొరను ప్రతి వారం నిలబెట్టే ఈ ఆదేశాలనే ఆపకుండా వాడుకుంటుంది. ఈ జబ్బుకు మందు కనుక్కోవడం అంత కష్టమవడానికి మూలం ఇక్కడే ఉంది.

సంకేతం నడిచే తీరు

కణత్వచం మీద గ్రాహకాలనే ప్రోటీన్లు ఉంటాయి. బయట తిరిగే పెరుగుదల కారకం వచ్చి తగులుకోగానే రెండు గ్రాహకాలు జతకట్టి, లోపలి వైపు తోకల మీద ఒకదానికొకటి ఫాస్ఫేట్ అణువులు అతికించుకుంటాయి. ఆ ఫాస్ఫేట్‌ను గుర్తుపట్టి మరో ప్రోటీన్ వచ్చి చేరుతుంది, అది ఇంకోదాన్ని కదిలిస్తుంది. ఇలా చేతులు మారుతూ ఆదేశం కేంద్రకానికి చేరి జన్యువులను మేల్కొలుపుతుంది. ఫాస్ఫేట్ అతికించే ఎంజైములను కైనేజులు అంటారు, తీసేసేవాటిని ఫాస్ఫటేజులు. అతికించడం ఎంత ముఖ్యమో తీసేయడమూ అంతే ముఖ్యం.

ఈ ఫాస్ఫేట్ సాధారణంగా ఏటీపీ అనే అణువు నుంచి వస్తుంది. 1929లో హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆ అణువును వెలికితీసి ప్రకటించినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా దాన్ని విడిగా కనుగొన్నాడు. కైనేజులను ఆపే నేటి క్యాన్సర్ మాత్రల్లో అత్యధికం ఏటీపీ కూర్చునే గూటినే ఆక్రమిస్తాయి. యాంటీబయాటిక్‌ల గురించీ మెథోట్రెక్సేట్ గురించీ చెప్పేటప్పుడు సుబ్బారావును తలుచుకుంటాం. కణ సంకేతాల పాఠంలోనూ ఆయన పేరు మొదటి పుటలోనే ఉండాలి.

తొలి తోపు: హెలికోబాక్టర్ పైలోరీ

ఆమ్లం నిండిన జీర్ణాశయంలో ఏ క్రిమీ బతకదని వైద్యులు చాలాకాలం నమ్మారు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ 1982లో రోగుల జీర్ణాశయ పొర నుంచి ఒక మెలితిరిగిన బాక్టీరియాను పెంచి చూపారు. నమ్మించడానికి వేరే దారి లేక 1984లో మార్షల్ ఆ బాక్టీరియా ద్రావణాన్ని తానే తాగి, జీర్ణాశయ శోథ తెచ్చుకున్నాడు. 1994లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ హెలికోబాక్టర్ పైలోరీని మానవులలో క్యాన్సర్ కలిగించే కారకాల మొదటి వర్గంలో చేర్చింది. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. 2001లో జపాన్‌లో వెలువడిన ఒక అధ్యయనం ఈ సంబంధాన్ని నిర్ద్వంద్వంగా చూపింది. 1,526 మందిని సగటున 7.8 ఏళ్ళు గమనిస్తే, బాక్టీరియా ఉన్న 1,246 మందిలో 36 మందికి జీర్ణాశయ క్యాన్సర్ వచ్చింది. లేని 280 మందిలో ఒక్కరికీ రాలేదు.

ఈ బాక్టీరియా చేసే పని సంకేతాల భాషలో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. కొన్ని జాతులకు సూదిలాంటి ఒక పరికరం ఉంటుంది. దానితో కాగ్‌ఏ అనే ప్రోటీన్‌ను నేరుగా మన కణంలోకి గుచ్చుతాయి. లోపలికి వెళ్ళాక మన కణంలోని సార్క్ కుటుంబపు కైనేజులే దానికి ఫాస్ఫేట్ తొడుగుతాయి. అంటే దొంగకు ఇంటివాళ్ళే తాళంచెవి ఇచ్చినట్టు. ఫాస్ఫేట్ తొడిగిన కాగ్‌ఏ, ఎస్‌హెచ్‌పి-2 అనే ఫాస్ఫటేజును పట్టుకుని ఉత్తేజపరుస్తుంది. దానితో పెరుగుదల ఆదేశాన్ని మోసే రాస్, ఈఆర్‌కే మార్గం తెరుచుకుంటుంది. కణం పొడుగ్గా సాగి కదలడం మొదలుపెడుతుంది. ఈ లంకెను జపాన్‌లో మసనోరి హతకేయమా బృందం 2002లో బయటపెట్టింది. 2008లో అదే బృందం కాగ్‌ఏ జన్యువును ఎలుకల్లో ప్రవేశపెడితే, బాక్టీరియా లేకుండానే కొన్నింటిలో జీర్ణాశయ కణితులు పుట్టాయి. ఫాస్ఫేట్ పట్టని రకం కాగ్‌ఏ పెట్టిన ఎలుకల్లో పుట్టలేదు. ఒక బాక్టీరియా ప్రోటీన్ తానుగా క్యాన్సర్‌కు దారితీయగలదని ఇంత స్పష్టంగా తేలడం అదే మొదలు.

ఫాస్ఫేట్‌తో పని లేకుండా కూడా కాగ్‌ఏ హాని చేస్తుంది. పార్-1 అనే కైనేజును అణచి, కణానికి పైవైపేదో కిందివైపేదో తెలియకుండా చేస్తుంది. పొరలో వరసగా నిలబడిన కణాలు దిక్కు కోల్పోతాయి.

కాగ్‌ఏ అన్ని దేశాల్లో ఒకటి కాదు. తూర్పు ఆసియా జాతుల కాగ్‌ఏ, పాశ్చాత్య జాతుల దానికంటే ఎస్‌హెచ్‌పి-2ను బాగా గట్టిగా పట్టుకుంటుంది. జపాన్, కొరియా, చైనాల్లో ఈ క్యాన్సర్ ఎక్కువగా ఉండటానికి చెప్పే కారణాల్లో ఇదొకటి. భారతదేశంలో పెద్దవాళ్ళలో సగానికి పైగా ఈ బాక్టీరియాను మోస్తున్నా, చాలా ప్రాంతాల్లో క్యాన్సర్ మాత్రం తక్కువ. హైదరాబాద్‌లోని డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నస్టిక్స్ కేంద్రం (సీడీఎఫ్‌డీ) పరిశోధకులు 2007లో భారతీయ జాతుల జన్యువులను పరిశీలించి, వాటికి ఐరోపా జాతులతో చుట్టరికం ఉందని చూపారు. అంతమాత్రాన చిక్కు వీడిపోలేదు. మన దేశంలోనే మిజోరంలో ఈ క్యాన్సర్ అత్యధికంగా ఉంది. పొగబెట్టిన మాంసం, ఉప్పులో నిలవచేసిన ఆహారం, అక్కడివారు నోట్లో పోసుకునే తుయిబుర్ అనే పొగాకు నీళ్ళతో దానికి సంబంధం కనిపించింది. బాక్టీరియా తోపుకు ఉప్పూ పొగా తోడైతే పొర తట్టుకోలేదు.

మంట ఆరకపోతే

కొలంబియాకు చెందిన పెలాయో కొర్రియా 1975లో ఒక మెట్ల వరసను ప్రతిపాదించాడు. దీర్ఘకాలపు శోథ, గ్రంథులు ఎండిపోవడం, జీర్ణాశయ కణాలు పేగు కణాల వేషం వేయడం, రూపుచెడటం, చివరికి క్యాన్సర్. ఈ ప్రయాణానికి దశాబ్దాలు పడతాయి. ఒక్కో మెట్టు దింపే చేయి శోథ సంకేతాలది.

బాక్టీరియా తగలగానే కణంలో ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే మార్గం మేల్కొని ఇంటర్‌ల్యూకిన్లు అనే శోథ సంకేతాలను విడుదల చేయిస్తుంది. వాటిలో ఇంటర్‌ల్యూకిన్-1 బీటా ఆమ్లాన్ని గట్టిగా తగ్గిస్తుంది. ఆమ్లం తగ్గిన చోట బాక్టీరియా మరింత విస్తరిస్తుంది. ఈ ఇంటర్‌ల్యూకిన్ జన్యువు కొన్ని రూపాల్లో ఉన్నవారికి ఈ క్యాన్సర్ ముప్పు ఎక్కువని 2000లో ఒక పరిశోధన తేల్చింది. ఒకే బాక్టీరియా ఒక ఇంట్లో ఇద్దరికి సోకినా ఒకరికే జబ్బు రావడంలో ఇలాంటి తేడాల పాత్ర ఉంది.

ఇంటర్‌ల్యూకిన్-6 కుటుంబపు సంకేతాలు జీపీ-130 అనే గ్రాహకం ద్వారా జాక్ కైనేజులను, వాటి ద్వారా స్టాట్-3 అనే ప్రోటీన్‌ను ఉత్తేజపరుస్తాయి. మామూలుగా సాక్స్-3 అనే ప్రోటీన్ వచ్చి దీన్ని ఆపుతుంది. ఆస్ట్రేలియా పరిశోధకులు జీపీ-130లో సాక్స్-3 పట్టుకునే ఒక్క అమైనో ఆమ్లాన్ని మార్చిన ఎలుకలను తయారుచేశారు. బ్రేకు పడనందున స్టాట్-3 ఆగకుండా నడిచి, వాటి జీర్ణాశయాల్లో కణితులు వచ్చాయి. క్యాన్సర్‌కు వేగం పెంచే జన్యువు ఎప్పుడూ అక్కర్లేదని, ఆపే చేయి పడిపోయినా చాలని ఈ ఎలుకలు చూపాయి.

నాలుగు రకాల కణితులు

ఫిన్లాండ్ వైద్యుడు పెక్కా లౌరెన్ 1965లో ఈ క్యాన్సర్‌ను సూక్ష్మదర్శిని కింద రెండుగా విడదీశాడు. గ్రంథుల ఆకారం నిలుపుకునేది పేగు రకం, కణాలు ఒక్కొక్కటిగా విడిపోయి చెదిరేది వ్యాప్త రకం. అర్ధ శతాబ్దం తర్వాత, 2014లో, క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ బృందం 295 కణితుల జన్యువులను చదివి నాలుగు వర్గాలుగా పేర్చింది. ఎప్‌స్టీన్-బార్ వైరస్ ఉన్నవి 9 శాతం, డీఎన్‌ఏ తప్పులు దిద్దుకోలేనివి 22 శాతం, జన్యువులు స్థిరంగా ఉన్నవి 20 శాతం, క్రోమోజోములు చిందరవందరైనవి 50 శాతం.

ఈ విభజన విలువ ఏమిటంటే ఒక్కో వర్గంలో ఒక్కో సంకేత మార్గం ఏలుతుంది. వైరస్ ఉన్న కణితుల్లో దాదాపు 80 శాతానికి పీఐ3కే మార్గపు జన్యువులో ఉత్పరివర్తనం ఉంది. ఈ మార్గం ఏకేటీ, ఎంటార్‌ల ద్వారా కణాన్ని పెరగమంటుంది, చావొద్దంటుంది. వాటిలో కొన్ని రోగనిరోధక కణాలను నిద్రపుచ్చే పీడీ-ఎల్1 జన్యువునూ చాలా ప్రతులుగా పెంచుకుంటాయి. తప్పులు దిద్దుకోలేని వర్గంలో ఉత్పరివర్తనాలు వేలల్లో ఉంటాయి కనుక రోగనిరోధక వ్యవస్థ వాటిని తేలిగ్గా గుర్తుపడుతుంది.

క్రోమోజోములు చెదిరిన వర్గం ఎక్కువగా పేగు రకమే. ఇక్కడ టీపీ-53 అనే కాపలా జన్యువు చెడిపోయి, గ్రాహకాల జన్యువులు పదులకొద్దీ ప్రతులుగా పెరుగుతాయి. హెర్-2, ఈజీఎఫ్‌ఆర్, మెట్, ఎఫ్‌జీఎఫ్‌ఆర్-2 వాటిలో ముఖ్యమైనవి. హెర్-2కు తనదంటూ పిలిచే కారకం ఏదీ తెలియదు. పక్క గ్రాహకాలతో, ముఖ్యంగా హెర్-3తో, జతకట్టి పని చేస్తుంది. త్వచం మీద లెక్కకు మించి ఉన్నప్పుడు బయటి పిలుపు లేకపోయినా ఒకదానికొకటి తగిలి రాస్, పీఐ3కే మార్గాలు రెంటినీ నడిపిస్తుంది.

వింట్ మార్గం మూలకణాల సంఖ్యను నిలిపేది. అది ఆగకపోతే బీటా-కెటెనిన్ అనే ప్రోటీన్ కేంద్రకంలో పోగుపడి విభజన సాగుతూనే ఉంటుంది. పెద్దపేగు క్యాన్సర్‌లో దీనిదే రాజ్యం. జీర్ణాశయంలో అంత కాదు గాని, శోథ తోడైతే బలం పుంజుకుంటుంది. ఏపీసీ జన్యువులో ఒక మూల మారితే జీర్ణాశయపు పైభాగమంతా పాలిప్‌లు కమ్మే వంశపారంపర్య జబ్బు ఒకటి ఉంది. హిప్పో, హెడ్జ్‌హాగ్ అనే మరో రెండు మార్గాలూ ఈ క్యాన్సర్‌లో పాలుపంచుకుంటాయి.

పట్టు విడిచిన కణాలు

న్యూజిలాండ్‌లోని ఒక మావోరీ కుటుంబంలో తరాల తరబడి పడుచు వయసువాళ్ళు కూడా జీర్ణాశయ క్యాన్సర్‌తో చనిపోతూ వచ్చారు. ఆ కుటుంబమే ముందుకొచ్చి, తమ వంశవృక్షాన్ని తామే రాసిచ్చి, ఒటాగో విశ్వవిద్యాలయపు శాస్త్రవేత్తలతో కలిసి పనిచేసింది. పారీ గిల్‌ఫోర్డ్ బృందం 1998లో కారణాన్ని ప్రకటించింది. సీడీహెచ్-1 జన్యువు, అంటే ఈ-కాడ్‌హెరిన్ ప్రోటీన్ చెడిపోవడం. రోగులు పరిశోధనకు విషయంగా మిగలకుండా భాగస్వాములైన ఇలాంటి సందర్భాలు వైద్య చరిత్రలో అరుదు. ఆ చొరవ వల్లే ప్రపంచంలో ఎన్నో కుటుంబాలు ముందే పరీక్ష చేయించుకోగలుగుతున్నాయి.

ఈ-కాడ్‌హెరిన్ పక్క పక్క కణాలను పట్టి ఉంచే కొక్కెం. దాని లోపలి కొస బీటా-కెటెనిన్‌ను కూడా కట్టేసి ఉంచుతుంది. కొక్కెం ఊడితే కణం ఒంటరిదవుతుంది, లోపలి సంకేతాలూ వదులవుతాయి. చెడిన ప్రతిని పుట్టుకతో పొందినవారిలో రెండో ప్రతి కూడా మూగబోతే వ్యాప్త రకం మొదలవుతుంది. జీవితకాలపు ముప్పు మగవారిలో 42, ఆడవారిలో 33 శాతమని 2019లో ఒక అంచనా వచ్చింది. అంతకుముందు వేసిన లెక్కలు ఇంకా ఎక్కువగా ఉండేవి. ఆడవారిలో ఒక రకం రొమ్ము క్యాన్సర్ ముప్పూ ఉంటుంది. ఎండోస్కోపీకి కనిపించకుండా పొర కింద పాకుతుంది కనుక ఆరోగ్యంగా ఉండగానే జీర్ణాశయం మొత్తం తీయించుకోమని చాలామందికి సలహా ఇస్తారు. ఇరవైల్లో ఉన్న మనిషికి అది ఎంత కఠినమైన నిర్ణయమో వేరే చెప్పక్కర్లేదు.

వంశపారంపర్యం కాని వ్యాప్త రకంలో రో-ఏ జన్యువు మార్పులు 14 నుంచి 25 శాతం కణితుల్లో ఉన్నట్టు 2014లో రెండు బృందాలు కనుగొన్నాయి. రో-ఏ కణపు అస్థిపంజరాన్ని నడిపే ప్రోటీన్. కొక్కెం పోవడం, అస్థిపంజరం అదుపు తప్పడం రెండూ కలిస్తే ఎలుకల్లో అచ్చం ఇలాంటి క్యాన్సరే వచ్చింది. కొందరిలో ఈ కణాల చుట్టూ పీచు కణజాలం దట్టంగా పేరుకుని జీర్ణాశయం మొత్తం బిగుసుకున్న తోలు తిత్తిలా మారుతుంది. రెండు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోయిందని రోగి అనేది అందుకే.

పాకే దారులు

పేగు రకం ఎక్కువగా రక్తం వెంట కాలేయానికి చేరుతుంది. వ్యాప్త రకం జీర్ణాశయపు గోడను దాటి పొత్తికడుపు లోపలి పొర మీద విత్తనాల్లా చల్లుకుంటుంది. ఎడమ కాలర్ ఎముక పైన శోషరస గ్రంథి తగిలితే అనుమానించమని జర్మన్ వైద్యుడు విర్కో 19వ శతాబ్దంలోనే చెప్పాడు. అండాశయాలకు చేరిన దాన్ని 1896లో వర్ణించిన క్రూకెన్‌బర్గ్ పేరుతో పిలుస్తారు.

గోడలో భాగంగా ఉన్న కణం ప్రయాణికుడిగా మారడానికి టీజీఎఫ్-బీటా సంకేతం ముఖ్యం. ఈ సంకేతానికి రెండు ముఖాలున్నాయి. ఆరోగ్యంగా ఉన్న పొరలో అది విభజనను ఆపుతుంది. ముదిరిన కణితి ఆ ఆపే భాగాన్ని వదిలించుకుని, మిగతా భాగాన్ని వాడుకుంటుంది. స్నెయిల్, ట్విస్ట్, జెబ్ అనే నియంత్రకాలు లేచి ఈ-కాడ్‌హెరిన్‌ను అణచివేస్తాయి. కణం పొడవుగా సాగి, చుట్టూ ఉన్న జాలికను కరిగించే ఎంజైములు వదులుతూ జారిపోతుంది. ఆధారం తప్పిన మామూలు కణం చచ్చిపోవాలి. ఏకేటీ, ఎఫ్‌ఏకే మార్గాలు రగిలి ఉన్నందున ఇది చావదు. కొత్త చోట కుదురుకున్నాక కొన్ని కణాలు మళ్ళీ పాత రూపానికి వస్తాయి.

కణితి పెరిగేకొద్దీ లోపల ఆక్సిజన్ చాలదు. హిఫ్-1 అనే ప్రోటీన్ ఆ కరువును పసిగట్టి వీఈజీఎఫ్ అనే పెరుగుదల కారకాన్ని విడుదల చేయిస్తుంది. అది రక్తనాళ కణాల మీది వీఈజీఎఫ్‌ఆర్-2 గ్రాహకాన్ని తట్టి కొత్త నాళాలు మొలిపిస్తుంది. కణితికి ఆహారమూ, పారిపోయే దారీ రెండూ అవే.

చికిత్స: కొన్ని గెలుపులు, చాలా ఓటములు

2010లో వెలువడిన టోగా అనే క్లినికల్ పరీక్ష ఈ క్యాన్సర్‌లో సంకేతాన్ని గురిపెట్టిన తొలి విజయం. హెర్-2 అధికంగా ఉన్న రోగులకు కీమోథెరపీతో పాటు ఆ గ్రాహకాన్ని ఆపే ట్రాస్టుజుమాబ్ ఇస్తే మధ్యస్థ ఆయుష్షు 11.1 నెలల నుంచి 13.8 నెలలకు పెరిగింది. ఆ మందు ధర మన దేశంలో చాలామందికి అందేది కాదు. 2014లో బెంగళూరు సంస్థ బయోకాన్ దాని జీవసమాన రూపాన్ని మార్కెట్లోకి తెచ్చాక ఇక్కడ కొంత చౌకగా దొరకడం మొదలైంది.

ఆ విజయం చూసి మిగతా గ్రాహకాల మీదా దాడి చేశారు. చాలావరకు విఫలమయ్యాయి. ఈజీఎఫ్‌ఆర్‌ను ఆపే రెండు మందుల పరీక్షలు 2013లో ఒకేసారి ఓటమిని ప్రకటించాయి. వాటిలో పానిటుముమాబ్ తీసుకున్నవారి మధ్యస్థ ఆయుష్షు 8.8 నెలలు, తీసుకోనివారిది 11.3 నెలలు. మెట్‌ను ఆపే మందులూ, ఎంటార్‌ను ఆపే ఎవరోలిమస్సూ నిరాశపరిచాయి. ఎవరి కణితి ఏ సంకేతం మీద ఆధారపడిందో చూడకుండా అందరికీ ఇవ్వడం ఒక పొరపాటు. ఈ క్యాన్సర్ స్వభావం మరో అడ్డంకి. ఒకే కణితిలో ఒక చోట హెర్-2 నిండుగా ఉంటుంది, అంగుళం దూరంలో అసలు ఉండదు. అందుకే బయాప్సీకి ఒక్క ముక్క చాలదు. పైగా పెద్ద కాలువ తూము మూసినా నీళ్ళు పక్క బోదెలోంచి పొలం చేరినట్టు, హెర్-2 ఆగితే మెట్ ద్వారానో పీఐ3కే ద్వారానో ఆదేశం వెళ్ళిపోతుంది.

రక్తనాళాల వైపు నుంచి కొంత ఫలితం దక్కింది. వీఈజీఎఫ్‌ఆర్-2ను ఆపే రాముసిరుమాబ్‌ను కీమోథెరపీతో కలిపి ఇస్తే ఆయుష్షు 7.4 నుంచి 9.6 నెలలకు పెరిగిందని 2014లో తేలింది. రోగనిరోధక కణాల మీది పీడీ-1 బ్రేకును తీసే మందులు అంతకంటే పెద్ద మార్పు తెచ్చాయి. ఆ బ్రేకును 1992లో క్యోటోలో కనుగొన్న తసుకు హోంజోకు 2018లో నోబెల్ వచ్చింది. 2021లో ప్రచురించిన ఒక పరీక్షలో పీడీ-ఎల్1 ఎక్కువగా ఉన్నవారికి కీమోథెరపీకి అలాంటి మందైన నివోలుమాబ్‌ను కలిపితే మధ్యస్థ ఆయుష్షు 11.1 నెలల నుంచి 14.4 నెలలకు పెరిగింది. డీఎన్‌ఏ తప్పులు దిద్దుకోలేని వర్గంలో లాభం ఇంకా ఎక్కువ.

ఇటీవలి రెండు మందులు ఆలోచననే మార్చాయి. 2020లో ఫలితాలు వెలువడిన ట్రాస్టుజుమాబ్ డెరుక్స్‌టెకాన్ హెర్-2 సంకేతాన్ని ఆపడం మీదే ఆధారపడదు. ఆ గ్రాహకాన్ని చిరునామాగా వాడుకుని విషాన్ని కణంలోకి చేరవేస్తుంది. విషం పక్క కణాలకూ పాకుతుంది కనుక హెర్-2 లేని పొరుగు కణాలూ చస్తాయి. ముందటి చికిత్సలు పనిచేయని రోగుల్లో 51 శాతం మందికి కణితి తగ్గింది, మామూలు కీమోథెరపీతో 14 శాతం మందికే. రెండోది జోల్బెటుక్సిమాబ్. జీర్ణాశయ కణాల మధ్య అతుకులో దాగి ఉండే క్లాడిన్ 18.2 అనే ప్రోటీన్, కణాలు దిక్కు కోల్పోయినప్పుడు బయటపడుతుంది, ఈ మందు దాన్నే పట్టుకుంటుంది. పరీక్షించిన రోగుల్లో సుమారు 38 శాతం మందిలో అది సరిపడా ఉంది. ఈ మందుకు పునాది వేసింది ఉగుర్ సాహిన్, ఓజ్లెమ్ తురేచి దంపతులు. తర్వాత కోవిడ్ టీకాతో ప్రపంచానికి తెలిసినవారు వీరే. 2024లో జపాన్, అమెరికా దీన్ని అనుమతించాయి. వికారం, వాంతులు దీని ముఖ్య ఇబ్బంది, ఎందుకంటే మంచి జీర్ణాశయ కణాల్లోనూ అదే ప్రోటీన్ ఉంది. కణితి వాడుకునేది మన పొర సొత్తునే కనుక ఈ ఇబ్బంది పూర్తిగా తప్పదు. సంకేతాన్ని తెంచడం కంటే దాన్ని ఆనవాలుగా వాడటమే ఈ క్యాన్సర్‌లో ఎక్కువ ఫలం ఇస్తోందని ఇప్పటి అనుభవం.

అన్నింటికంటే పైఎత్తున ఉన్న తూము బాక్టీరియాది. దాన్ని మూయడానికి కొత్త మందు అక్కర్లేదు, సాధారణంగా రెండు వారాల యాంటీబయాటిక్‌లు, తోడుగా ఆమ్లం తగ్గించే మందు చాలు. జపాన్ 2013 నుంచి శోథ ఉన్నవారందరికీ ఈ చికిత్సను బీమా కిందికి తెచ్చింది. కొరియాలో, దగ్గరి బంధువుల్లో ఈ క్యాన్సర్ ఉన్న కుటుంబాల వారికి బాక్టీరియా తొలగింపు మందులు ఇచ్చి తొమ్మిదేళ్ళకు పైగా గమనించారు. మందులు తీసుకున్నవారిలో 1.2 శాతానికి, తీసుకోనివారిలో 2.7 శాతానికి క్యాన్సర్ వచ్చింది. తైవాన్‌కు చెందిన మాత్సు దీవుల్లో 2004 నుంచి ఊరంతటికీ పరీక్షలు చేసి బాక్టీరియాను తొలగిస్తూ వచ్చారు. కొత్తగా వచ్చే జీర్ణాశయ క్యాన్సర్లు అక్కడ సగానికి పైగా తగ్గాయి. కణాలు పేగు వేషం వేసే మెట్టు దాటిపోయినవారిలో మాత్రం బాక్టీరియా పోయినా ముప్పు కొంత మిగులుతుంది. వారికి ఎండోస్కోపీ పరీక్షలు ఏళ్ళ తరబడి సాగాల్సిందే.